నవ్వును మరల తెరకెక్కించినవారు

యిడ్డిష్ చలనచిత్ర చరిత్ర: ఆరవ భాగము

గత భాగమునందు న్యూయార్కు నగరములోని సెకండ్ అవెన్యూ నాటకశాలలు ఎట్లు వర్ధిల్లినవో, తూర్పు ఐరోపానుండి వలస వచ్చిన యూదులు పగలెల్ల కుట్టుపని కార్ఖానాలలో శ్రమించి, రాత్రివేళ తమ భాషలోని పాటలను, పరిహాసములను వినుటకు ఆ శాలల ముందర ఎట్లు గుమికూడెడివారో వివరించియుంటిమి. ఆ రంగస్థలమునుండి శబ్దచిత్రములలోనికి ప్రవేశించిన సంగీత హాస్య కథలు ఏ రీతిగా నిర్మితములైనవో, ఎన్ని ఏండ్లు రేకు డబ్బాలలో మరుగుపడి యుండి నేటి ప్రేక్షకుని కంటబడినవో చెప్పుట ఈ భాగమున నా ఉద్దేశము. ఈ కథను చెప్పువారు సాధారణముగా దుఃఖముతో మొదలిడి దుఃఖముతోనే ముగింతురు. అందుకు కారణము లేకపోలేదు. కాని ఈ చిత్రములు పుట్టినది నవ్వించుటకు. ఆ నవ్వు తిరిగి శాలలో వినబడిననాడే వాని పునరుద్ధరణము పూర్తియైనదని నా దృఢవిశ్వాసము.

1931వ సంవత్సరమున న్యూయార్కులో సిడ్నీ గోల్డిన్ దర్శకత్వమున వెలువడిన "జైన్ వైబ్స్ లుబోవ్‌నిక్" అను చిత్రము తన్ను తాను మొట్టమొదటి యూద సంగీత హాస్య శబ్దచిత్రముగా ప్రకటించుకొన్నది. మన దేశమున "ఆలం ఆరా" వెలువడినదియు ఆ సంవత్సరముననే. హాస్యనటుడుగా రంగస్థలమున పేరుమోసిన లుడ్విగ్ సాట్జ్ అందు ఒక నటుని పాత్రను ధరించి, స్త్రీహృదయము ధనమునకు లొంగునా, ప్రేమకు లొంగునా యను వివాదమును తేల్చుటకై వికారియైన వృద్ధుని వేషము వేసికొని పేదపిల్ల నొకతెను పెండ్లాడి, పిదప తన నిజరూపముతో తన భార్యకే ప్రియుడగుటకు ప్రయత్నించును. కెమెరా పెద్దగా కదలదు. దీపముల అమరికలో నైపుణ్యము స్వల్పము. అయినను సాట్జ్ తన కంఠమును ఒక్క క్షణములో యువకునినుండి వృద్ధునికి మార్చు విధము, మాటకు మాటకు నడుమ అతడు విడుచు విరామము, పాటలోనికి జారుకొను చాతుర్యము మనకు ఇంకెక్కడను లభింపవు. సెకండ్ అవెన్యూ నాటకముల ప్రదర్శనములు చిత్రించబడలేదు. ఆ నటుల చేతుల కదలికయు, కనుబొమల విరుపును ఎట్లుండెడివో తెలిసికొనుటకు మనకు మిగిలిన ఆధారము ఇట్టి చౌక చిత్రములే. ఇందుచేత వీనిని కళావిలువల తక్కెడలో తూచి పారవేయుట నాకు సమ్మతము కాదు.

ఈ చిత్రకళకు శిఖరప్రాయమైన కాలము అమెరికాలోగాక పోలెండులో వచ్చుట ఒక విశేషము. దానికి కారకుడు జోసెఫ్ గ్రీన్. ఆయన 1900లో లోడ్జ్ నగరమున జన్మించి, నటుడై, విల్నా నాటక సమాజముతో అమెరికా చేరి, 1927నాటి "ది జాజ్ సింగర్" చిత్రమున ఒక చిన్న వేషము ధరించెను. పిమ్మట యిడ్డిష్ సంభాషణలను అతికించిన ఒక పాత మూకీ చిత్రమును పోలెండునకు కొనిపోయి ఊరూర ప్రదర్శించి, అచ్చట ముప్పది లక్షలకు పైబడిన యూదజనము తమ భాషలోని చిత్రముకొరకు ఎంత ఆతురపడుచున్నదో కన్నులార చూచెను. ఈ అనుభవమునుండి ఆయనకు స్ఫురించిన ఆలోచన మిక్కిలి తెలివైనది. అమెరికాలో పేరుపొందిన తారను పోలెండునకు రప్పించి, తక్కువ వ్యయముతో, నిజమైన వీథులలోను సంతలలోను చిత్రమును తీసి, సముద్రమునకు ఇరుదరుల నున్న ప్రేక్షకులకు దానిని చూపినచో, ఒక దేశపు విపణికి చాలని చిత్రము రెండు దేశముల విపణిలో నిలద్రొక్కుకొనగలదు.

అట్లు ఆయన రప్పించిన తార మోలీ పికాన్. 1898లో న్యూయార్కులో పుట్టిన ఈమె చిన్ననాటనే రంగస్థలమెక్కి, జేకబ్ కాలిచ్‌ను వివాహమాడి, భర్త ప్రోద్బలముచే ఐరోపా కేగి, పోలెండు యూదుల నోట పలుకు యిడ్డిష్‌ను సాధన చేసి, "యాంకెలే" యను నాటకమున అల్లరిపిల్లవాని వేషముతో రెండు ఖండములలోను కీర్తి గడించినది. ఐదడుగుల పొడవైనను లేని ఆ శరీరములో ఎంత చురుకు! ఆమె పల్టీలు కొట్టును, ఏడ్చును, పాడును, ఒక్క చూపుతో శాలనంతటిని నవ్వించును. 1936లో గ్రీన్, యాన్ నోవినా ప్షిబిల్‌స్కి అను పోలిష్ దర్శకునితో కూడి, ఈమె నాయికగా "యిడ్ల్ మిట్న్ ఫిడ్ల్" చిత్రమును తీసెను. దానికైన వ్యయము సుమారు 50,000 డాలర్లనియు, అందు ఐదవ వంతు ఒక్క పికాన్ పారితోషికమే యనియు చెప్పుదురు.

కథ సులువైనది. అద్దె చెల్లింపలేక ఇల్లు విడిచిన పేద వాద్యకారుడొకడు, దారి నడుచు ఆడపిల్లకు రక్షణ కరవగునని తలచి, కూతురికి మగపిల్లవాని దుస్తులు తొడిగి, ఫిడేలు చేతికిచ్చి, ఊరూర వాయించుకొనుచు సాగును. త్రోవలో వారికి మరి ఇద్దరు వాద్యకారులు, తండ్రీకొడుకులు, తోడగుదురు. మారువేషములోని పిల్ల ఆ కొడుకుపై మనసుపడును, చెప్పుకొనుటకు వీలులేదు. ఇంతలో ధనికుడైన ముదుసలితో బలవంతముగా పెండ్లి జరుగుచున్న ఒక యువతిని వీరు వివాహ మండపమునుండి తప్పించి తమతో కొనిపోవుదురు. అక్కడినుండి చిక్కు ముదురును. ఈ కథకు ఏబ్రహామ్ ఎల్‌స్టైన్ సంగీతము కూర్చగా, పాటలను వ్రాసినవాడు ఇట్సిక్ మాంగెర్. చెర్నోవిట్స్ నగరమున జన్మించి, వార్సాలో కవిగా వెలుగొందుచున్న మాంగెర్ వంటివాడు హాస్యచిత్రమునకు పాటలు వ్రాయుట ఆ సంస్కృతియొక్క ఆరోగ్యమునకు గుర్తు. పండితకవికిని, సంతలో పాడు గాయకునికిని నడుమ గోడ లేని కాలమది.

చిత్రములోని పట్టణ దృశ్యములను విస్తులా నదీతీరమునందలి కజిమియెష్ డోల్నీ యను పట్టణమున తీసిరి. ఆ ఊరి జనాభాలో సగమునకు దగ్గరగా యూదులే. పెండ్లివిందు ఘట్టమునకు ఊరివారినే అతిథులుగా కూర్చుండబెట్టిరనియు, వడ్డించిన భక్ష్యములు నిజమైనవే యగుటచే, వారు తినుచున్నకొలది మరల మరల వడ్డింపవలసి వచ్చి, ఒక పగలు ఒక రాత్రి దాటి చిత్రీకరణము సాగినదనియు చెప్పుకొందురు. ఆ ఘట్టమును నిదానముగా చూడవలెను. గడ్డములు సవరించుకొను ముసలివారు, కెమెరావైపు దొంగచూపులు చూచు పిల్లలు, బల్లపై చేయి చాచి రొట్టె నందుకొను ఇల్లాండ్రు, వీరెవ్వరును నటులు కారు. తమ ఊరిలో తాముగా తెరపైకి వచ్చినవారు. వారి నడుమ పికాన్ తప్పత్రాగిన కుర్రవానివలె తూలుచు చేయు చేష్టలకు వారు నవ్విన నవ్వులో దర్శకుని ఆజ్ఞ ఎంతయో, నిజమైన ఆనందమెంతయో విడదీసి చెప్పజాలము.

చిత్రమునకు లభించిన ఆదరణముచే ఉత్సాహము పొంది గ్రీన్ మరి మూడు చిత్రములను నిర్మించెను. 1937లో "డెర్ పూరిమ్‌ష్పీలర్", 1938లో "మామెలే", అటుపిమ్మట కన్నీటి కథయైన "అ బ్రివెలే దెర్ మామెన్". ఈ నాలుగింటిలో నాకు మిక్కిలి ప్రియమైనది "మామెలే". లోడ్జ్ నగరమున తీసిన ఈ చిత్రమున పికాన్, తల్లి పోయిన ఇంటిలో తండ్రికిని, తోడబుట్టినవారికిని తానే తల్లియై వండి వడ్డించి, వారి అప్పులు తీర్చి, వారి ప్రేమకలాపములను చక్కబెట్టు కూతురుగా కనబడును. అప్పటి కామె వయస్సు 40. తెరపై ఆ సంగతి మన కెన్నడును తోచదు. ఒకచోట ఆ పిల్ల తన అమ్మమ్మ ఛాయాచిత్రమును చూచుచు, ఆమె బాల్యమునుండి వార్ధక్యమువరకు ఒక్కొక్క ప్రాయమును పాటలోనే నటించి చూపును. వేషము మారినకొలది నడక మారును, ఊపిరి మారును, నాట్యమున కాలు లేచు ఎత్తు తగ్గుచు వచ్చును. సంగీత హాస్యమను ప్రక్రియ ఎంత లోతునకు పోగలదో తెలియగోరువారికి ఆ కొన్ని నిమిషములే చాలును. ఈ చిత్రములోని "అబీ గెజుంట్" అను పాట పికాన్ పేరుతో పెనవేసికొని, చిత్రమును చూడనివారి నోటను కూడ నేటికిని నిలిచియున్నది.

అమెరికాలోని ప్రయత్నములను గూర్చి క్లుప్తముగా చెప్పెదను. ఎడ్గార్ ఉల్మర్ 1940లో తీసిన "అమెరికానర్ షాద్ఖెన్" ఒక్కటి ప్రత్యేకముగా పేర్కొనదగినది. నిశ్చితార్థములు పలుమార్లు తప్పిపోయిన ధనికుడొకడు, తనకు కుదరని పెండ్లి ఇతరులకైనను కుదుర్చుదమని పేరు మార్చుకొని, పెండ్లిండ్ల పేరయ్యగా అవతారమెత్తుట అందలి కథ. కాళ్లు రబ్బరుతో చేసినవా యని సందేహము కలిగించునట్లు నర్తించు లియో ఫుక్స్ నాయకుడు. పోలెండు చిత్రములలోని సంతలు, మట్టిబాటలు ఇక్కడ లేవు. శుభ్రమైన దుస్తులు, విశాలమైన గదులు, నగర జీవితపు ఒంటరితనము కనబడును. పాత ఊరినుండి తెచ్చుకొన్న ఆచారమును క్రొత్త దేశమున ఏమి చేసికొనవలెనో తెలియని తరము తన్ను తాను చూచుకొని నవ్వుకొన్న చిత్రమిది.

అది వెలువడునాటికే పోలెండులోని ప్రేక్షకులకు ద్వారములు మూసికొనిపోయినవి. 1939 సెప్టెంబరులో యుద్ధము వచ్చెను. 1942 ముగియునాటికి కజిమియెష్ యూదులలో దాదాపు అందరును మృత్యుశిబిరముల పాలైరి. గ్రీన్ ముందుగానే అమెరికా చేరియుండుటచే బ్రతికెను, 1996వరకు జీవించెను, కాని మరల యిడ్డిష్ చిత్రమును తీయలేదు. చూచువారు లేక చిత్రములు నిలిచిపోయినవి. అమెరికాలోని తరువాతి తరము ఇంగ్లీషుకు మరలినది; ఇజ్రాయెలులో హీబ్రూ రాజ్యభాషయైనది. యుద్ధమునకు ముందు కోటిమందికి పైగా మాటలాడిన భాషలోని చిత్రములకు పాతిక సంవత్సరములు గడచునప్పటికి ఒక థియేటరు కరవయ్యెను.

అవి ఎక్కడ పడియుండెను? కొన్ని ప్రతులు నిర్మాతల గోదాములలో, కొన్ని పంపిణీదారుల అటకలపై, కొన్ని పరదేశములలోని సమాజ మందిరములలో. న్యూయార్కులో చౌకగాను, వేగముగాను అనేక యిడ్డిష్ చిత్రములను తీసిన జోసెఫ్ సైడెన్ అను నిర్మాత వద్దనున్న చిత్రసంపుటి శిథిలమగుచుండగా, దానిని రక్షించుటయే తొలి కర్తవ్యముగా, 1976లో మసాచుసెట్స్ రాష్ట్రమున వాల్తమ్‌లోని బ్రాండైస్ విశ్వవిద్యాలయ ప్రాంగణమున జాతీయ యూద చలనచిత్ర కేంద్రము స్థాపితమయ్యెను. సంస్థాపకులలో నొకరైన శ్రీమతి షరన్ పకర్ రివో దశాబ్దములపాటు దానికి సారథ్యము వహించినది. గొప్ప భవనములు, విరివియైన నిధులు గల ప్రభుత్వ సంస్థ కాదది. ఒక చిత్రమునకు విరాళములు కూడగట్టి, అది పూర్తియైన పిదప మరియొకదానికి పూనుకొనుచు, ఓర్పుతో పనిచేసిన చిన్న బృందము. వారి కృషి లేనిచో నేను పైని వ్రాసిన పుటలలో అధికభాగము చూచి వ్రాసినది గాక విని వ్రాసినది అయ్యెడిది.

పునరుద్ధరణమనగా ఏమి చేయుదురో ఒకింత వివరముగా తెలుపుట అవసరము. 1950 ప్రాంతమువరకు చలనచిత్రములను నైట్రేట్ ఫిల్ముపై ముద్రించెడివారు. చిత్రము అందు వెన్నెలవలె ప్రకాశించునుగాని, ఆ పదార్థము తనంతట తానే క్షీణించును; ముందు బంకవలె అంటుకొని, తుదకు పొడిగా రాలిపోవును. నిప్పంటుకొన్నచో నీటితో ఆరదు. దీనిచే ఎంత నష్టము కలుగునో మనకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. మన తొలి తెలుగు శబ్దచిత్రమైన 1932నాటి "భక్త ప్రహ్లాద" నేడు చూడ దొరకదు. 2003 జనవరిలో పూనాలోని నైట్రేట్ గిడ్డంగి అగ్నికాహుతియై భారతీయ చిత్రముల పాత ప్రతులు ఎన్నియో బూడిదయైనవి. పాత ఫిల్ము కుదించుకొనిపోవుటచే దాని అంచుననున్న రంధ్రములు యంత్రపు పండ్లకు అమరవు. కనుక ప్రతి చట్రమును చేతితో పరీక్షించి, చిరిగినచోట అతికి, గీతలలో నిండి వెలుతురును సమముగా ప్రసరింపజేయు ద్రవములో తడుపుచు క్రొత్త ఫిల్ముపై ముద్రించెడివారు; ఇటీవల ఆ చట్రములను ఒక్కొక్కటిగా డిజిటల్ రూపమునకు మార్చి మచ్చలను తొలగించుచున్నారు. ఒక ప్రతిలో లేని దృశ్యము వేరొక ప్రతిలో నుండవచ్చును. కావున దొరికిన ప్రతుల నన్నింటిని ప్రక్కప్రక్కన నుంచి, మన పండితులు తాళపత్ర ప్రతులను సరిపోల్చి పాఠమును నిర్ణయించిన రీతిగా, చిత్రపాఠమును నిర్ణయింతురు.

ఇందు సంగీత హాస్యమునకు ప్రత్యేకమైన కష్టమొకటి కలదు. చిత్రము సెకనుకు 24 చట్రముల చొప్పున నడచును. ఫిల్ము తెగినప్పుడు ప్రొజెక్టరు నడుపువాడు పాడైన తునకను కత్తిరించి రెండు కొనలను అతికించివేయును. పండ్రెండు చట్రములు పోయినచో అరసెకను పోయినదన్నమాట. గంభీర నాటకమున ఇది ఒక చిన్న కుదుపు మాత్రమే. పాటలోనో, తాళము తప్పును. పైగా ఫిల్ముపై ధ్వనిరేఖ తన దృశ్యముకంటె సుమారు ఇరువది చట్రముల ముందుగా ముద్రితమై యుండుటచే, ఒక్క కత్తిరింపు బొమ్మను ఒకచోటను, ధ్వనిని వేరొకచోటను గాయపరచును. హాస్యమున కూడ అంతే. నటుడు మాట విడిచి, ఆగి, కన్నెత్తి చూచు ఆ అరక్షణమే నవ్వునకు మూలము. అది పోయినచో మాట యున్నను నవ్వు రాదు. పికాన్ చిత్రమును బాగుచేయువాడు ఈ అరక్షణములకై వెదకుచు నెలలు గడుపవలసి వచ్చుట వ్యర్థశ్రమ కాదు. అది ఆమె కళను ఆమెకు తిరిగి ఇచ్చుట.

భాష మరియొక చిక్కు. 1930లనాటి ప్రతులలో ఇంగ్లీషు ఉపశీర్షికలు మిక్కిలి పలుచగా నుండెడివి. నాలుగైదు వాక్యముల సంభాషణకు ఒక్క పంక్తి సారాంశము కనబడి మాయమగును. అప్పటి ప్రేక్షకుడు భాష తెలిసినవాడు, వానికది చాలును. నేటి ప్రేక్షకుడు శాలలోని నలుగురు వృద్ధులు పొట్టచెక్కలగునట్లు నవ్వుచుండగా తనకు అర్థముకాక తెల్లబోవలసినదే. అందుచే కేంద్రమువారు సంభాషణలకును, పాటలకును సంపూర్ణమైన క్రొత్త ఉపశీర్షికలను వ్రాయించిరి. ఈ పని చేయువారు పేరు కెక్కరుగాని, పరిహాసము పలుకబడిన క్షణముననే దానిని చదువరి కంటికి అందించుట, ముందు చెప్పి రుచి చెరుపకుండుట, వెనుక చెప్పి చల్లార్చకుండుట రంగస్థల హాస్యమంతటి సున్నితమైన విద్య.

ఇట్లు సిద్ధమైన చిత్రములకు ప్రేక్షకులు ఎక్కడినుండి వచ్చిరి? 1970ల చివరినుండి అమెరికాలో యువ వాద్యకారులు కొందరు తూర్పు ఐరోపా యూదుల పెండ్లి వాద్యసంగీతమైన క్లెజ్మర్‌ను పాత గ్రామఫోను రికార్డులు విని తిరిగి నేర్వసాగిరి. ఆ ఉత్సాహము ఈ చిత్రములకు త్రోవ చేసినది. పికాన్ ధరించిన యిడ్ల్ పాత్ర చేతి ఫిడేలు వారికి పూర్వుల ఫిడేలుగా తోచినది. 1991లో న్యూయార్కులోని ఆధునిక కళా ప్రదర్శనశాల యిడ్డిష్ చిత్రములను వరుసగా ప్రదర్శించినది. ఆ సందర్భముననే జె. హోబర్మన్ రచించిన బృహద్గ్రంథము వెలువడి, అంతవరకు జ్ఞాపకములుగా మాత్రమే యున్న విషయమును చరిత్రగా నిలిపినది. తరువాత చలనచిత్రోత్సవములు, డీవీడీలు వచ్చినవి. ప్యారిస్ నగరమునందలి లాబ్‌స్టర్ ఫిల్మ్స్‌వారు మెరుగుపరచిన పది చిత్రములను, "అమెరికానర్ షాద్ఖెన్"తో సహా, కీనో లార్బర్ సంస్థ ఒక సంపుటముగా ప్రకటించినది. విచిత్రమేమనగా, నేడు యిడ్డిష్‌ను ఇంటి భాషగా పలుకుచు పిల్లలకు ఉగ్గుపాలతో నేర్పువారు బ్రూక్లిన్‌లోను, జెరూసలేములోను నివసించు హసీదీ యూదులు. వారిలో అత్యధికులు మతనియమముచే సినిమాలు చూడరు. చూచువారికి భాష రాదు. ఈ రెంటికి నడుమనే ఈ చిత్రములు జీవింపవలసియున్నది.

ఇంక నా మనస్సులోని మాట. కజిమియెష్ పెండ్లివిందును తెరపై చూపునప్పుడు, అందలి ముఖములు ఆరేండ్లలో ఏమైనవో ముందుగా చెప్పి, ప్రేక్షకులను మౌనముగా కూర్చుండజేయు పద్ధతి చాలచోట్ల స్థిరపడినది. వారి మరణమును మరచుట పాపమే. కాని ఆ మరణమునుండి వెనుకకు చూచుటయే అలవాటైనచో, వారిని చంపినవారు నిర్ణయించిన ముగింపునే మనము ప్రతి ప్రదర్శనమునందును మొదటి దృశ్యముగా వేసినట్లగును. 1936లో ఆ బల్లలముందు కూర్చున్నవారు తాము చరిత్రకు సాక్ష్యము పలుకుచున్నామని అనుకొనలేదు. మోలీ పికాన్‌ను చూడ వచ్చిరి. ఉపన్యాసము చిత్రము ముగిసిన పిదప చెప్పవచ్చును. మొదట దీపములార్పి, పాటలను కత్తిరింపక, ధ్వనిని తగ్గింపక, చిన్న కంప్యూటరు తెరపై ఒంటరిగా గాక నలుగురు కూర్చున్న శాలలో, చిత్రమును చిత్రముగా చూపవలెను. హాస్యము ఒకరినుండి ఒకరికి అంటుకొనునది. ఖాళీ కుర్చీలనడుమ పికాన్ సగము మాత్రమే పికాన్.

నవ్వవచ్చునా, నవ్వరాదా యను ఈ ప్రశ్నను మనకంటె ముందుగా, మనకంటె ఎక్కువ హక్కుతో అడిగినవారు ఇద్దరు గలరు. 1937నాటి "ఫ్రైలెఖె కబ్త్‌సోనిమ్" చిత్రమున, భూమిలో చమురు దొరికినదని భ్రమసి ఊరిని తలక్రిందులు చేసిన హాస్యజంట జిగాన్, షుమాహెర్. యుద్ధకాలమును సోవియట్ దేశములో గడిపి, చెరసాల ననుభవించి, పోలెండునకు తిరిగివచ్చిన ఆ ఇద్దరు 1948లో "ఉన్‌జెరె కిండెర్" అను చిత్రమున తమ పేర్లతో తామే నటించిరి. లోడ్జ్ సమీపమునందలి అనాథాశ్రమములో, మారణకాండను తప్పించుకొని బ్రతికిన బాలబాలికల యెదుట వారు షోలెం అలైఖెమ్ హాస్యకథను ఆడి చూపుదురు. ఆ పిల్లలు వారి నటనలోని అసత్యమును ఎచ్చట పట్టుకొని నిలదీసిరో, ఎచ్చట పకాలున నవ్విరో వచ్చు భాగమున వివరించెదను.

(సశేషము)